గడ్డ పెద్ద రక్తనాళాన్ని పట్టుకుంటే ఆపరేషన్ కుదురుతుందా? ఛాతీ ట్యూమర్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

సీటీ రిపోర్టులో చివరి రెండు లైన్లు చదివి, ఫోన్‌లో వెతికి, రాత్రంతా నిద్ర లేకుండా ఓపీకి వచ్చే కుటుంబాల కోసం ఈ పేజీ. ఊపిరితిత్తుల్లో, థైమస్ గ్రంథిలో, ఛాతీ మధ్యభాగంలో పుట్టిన గడ్డలు గుండె దగ్గరి పెద్ద నాళాలను పట్టుకున్నప్పుడు ఏం చేస్తారో, ఏం చేయరో, ఎందుకో ఇందులో ఉంది. మీ వాళ్లకు వైద్యం చేస్తున్న డాక్టరును ఏం అడగాలో తేల్చుకోవడానికి దీన్ని వాడుకోండి. మందులు మార్చడానికి మాత్రం వాడకండి.

మా నాన్న రిపోర్టులో గడ్డ ఎస్‌వీసీని (గుండెకు రక్తం తెచ్చే పై పెద్ద సిరను) చుట్టుకుని ఉందని రాశారు. ఇక ఆపరేషన్ కుదరదని ఒక డాక్టరు అన్నారు. అంతేనా?

ఆ ఒక్క లైను చూసి అంతే అని ఎవరూ తేల్చలేరు. చూడాల్సినవి నాలుగు. అది ఏ రకం గడ్డ? లింఫ్ గ్రంథులకు గానీ, మెదడు, ఎముకలు, కాలేయం లాంటి చోట్లకు గానీ పాకిందా? అంచుల్లో ఏమీ మిగలకుండా మొత్తం తీయగలమా? అంత పెద్ద ఆపరేషన్‌ని ఆయన శరీరం తట్టుకుంటుందా? రక్తనాళం సంగతి ఈ మూడో ప్రశ్నలో ఒక భాగం మాత్రమే. సిరను కోసేసి దాని స్థానంలో కృత్రిమ గొట్టం కుట్టడం కొన్ని దశాబ్దాలుగా జరుగుతున్న పనే.

అలాగని సర్జన్ చేయగలిగినంత మాత్రాన చేయించుకోవాలని కూడా లేదు. నాళాన్ని మార్చి, గడ్డలో కొంత అక్కడే వదిలేసి బయటికొస్తే రోగికి మిగిలేది కోత, నొప్పి, వాయిదాపడ్డ కీమో. అందుకే "తీయగలరా?" అని అడగకండి, "మొత్తం తీయగలరా?" అని అడగండి.

పెద్ద రక్తనాళాలంటే ఏవేవి?

తల, మెడ, చేతుల నుంచి చెడు రక్తాన్ని గుండెకు చేర్చే పెద్ద సిర ఎస్‌వీసీ. సుమారు 7 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. గోడ పల్చన, లోపల ఒత్తిడి తక్కువ, అందుకే పక్కన గడ్డ పెరిగితే ముందు నలిగేది ఇదే. దాంట్లోకి ఎడమ, కుడి వైపుల నుంచి వచ్చి కలిసేవి బ్రేకియోసెఫాలిక్ సిరలు. గుండె నుంచి శరీరమంతటికీ మంచి రక్తాన్ని తీసుకెళ్లేది అయోర్టా, అంటే బృహద్ధమని. గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లేది పల్మనరీ ఆర్టరీ, అక్కడి నుంచి గుండె ఎడమ పై గదికి తిరిగొచ్చేవి పల్మనరీ సిరలు. చేతికి రక్తం పంపేది సబ్‌క్లేవియన్ ఆర్టరీ. వీటిలో ఏది పట్టుబడింది అన్నదాన్ని బట్టి ఆపరేషన్ పూర్తిగా మారిపోతుంది.

ఏ గడ్డలు ఇలా నాళాల్లోకి పాకుతాయి?

పెద్దవాళ్లలో ఎక్కువగా చూసేది ఊపిరితిత్తుల క్యాన్సర్. తర్వాత రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్ గ్రంథి గడ్డలు: థైమోమా, దానికంటే మొండిదైన థైమిక్ కార్సినోమా. యువకుల్లో జెర్మ్ సెల్ ట్యూమర్లు. లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్. అరుదుగా సార్కోమాలు, అంటే కండరం, నాళం గోడ లాంటి కణజాలాల్లో పుట్టే క్యాన్సర్లు. వీటిలో పల్మనరీ ఆర్టరీ గోడలోనే పుట్టే సార్కోమా బాగా మోసం చేస్తుంది. స్కాన్‌లో అచ్చం రక్తం గడ్డకట్టినట్టే కనిపిస్తుంది. రక్తం పలచబడే మందులు నెలల తరబడి వాడినా అది కరగకపోతేనే అనుమానం మొదలవుతుంది.

స్కాన్‌లో అన్నీ ఒకే రకం బూడిద రంగు ముద్దలు. వైద్యం మాత్రం దేనికదే. లింఫోమాకు పెద్ద ఆపరేషన్ అక్కర్లేదు, కీమోతో కరుగుతుంది. స్మాల్ సెల్ రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ ఈ దశలో ఉంటే కీమో, రేడియేషన్లే దారి. థైమోమా అయితే ఆపరేషనే ప్రధానం, మొత్తం తీయగలిగితే ఫలితాలు బాగుంటాయి. జెర్మ్ సెల్ ట్యూమర్ అయితే ముందు కీమో, మిగిలిన ముద్దకు తర్వాత ఆపరేషన్. ఈ రకానికి ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ అనే మామూలు రక్తపరీక్షలే సగం సమాధానం చెప్పేస్తాయి. ఛాతీ మధ్యలో గడ్డతో వచ్చిన యువకుడికి ఈ రెండూ రాయకుండా సర్జన్ దగ్గరికి పంపారంటే, పంపినవాళ్లు తొందరపడ్డట్టే.

బయాప్సీ చేస్తే గడ్డ పాకుతుందంటారు. నిజమా?

ఈ భయం వల్ల జరిగే నష్టం, సూది వల్ల జరిగే నష్టం కంటే చాలా ఎక్కువ. నాళాన్ని పట్టుకున్న గడ్డకు బయాప్సీ లేకుండా వైద్యం మొదలుపెట్టడం చీకట్లో బాణం వేయడమే. ఒక్క మినహాయింపు ఉంది. గడ్డ చిన్నదిగా, చుట్టూ పొరతో, థైమోమా లక్షణాలతో ఉండి, సులువుగా తీయగలిగేలా ఉంటే సర్జన్లు బయాప్సీ వదిలేసి నేరుగా తీసేస్తారు. పొర చిరిగితే కణాలు ఊపిరితిత్తి చుట్టూ ఉన్న ఖాళీలో పడే ప్రమాదం ఉందని. మీ రిపోర్టులో నాళాలు చుట్టుకుని ఉన్నాయంటే ఆ మినహాయింపు మీకు వర్తించదు.

బయాప్సీ సీటీ చూస్తూ సూదితో చేయవచ్చు. శ్వాసనాళంలోకి అల్ట్రాసౌండ్ ఉన్న గొట్టం పంపి చేయవచ్చు, దాన్ని ఈబస్ అంటారు. గడ్డ చాలా పెద్దదై గాలిగొట్టాన్ని నొక్కుతుంటే పూర్తి మత్తు ఇవ్వడానికి మత్తు డాక్టర్లు జంకుతారు. వెల్లకిలా పడుకోబెట్టి కండరాలు వదులయ్యే మందు ఇస్తే గాలిగొట్టం మూసుకుపోవచ్చు. అలాంటప్పుడు ఆ చోట మాత్రమే మొద్దుబారే మందు ఇచ్చి ముక్క తీస్తారు.

మన దగ్గర ప్రత్యేకంగా చెప్పాల్సినవి రెండు. బయాప్సీకి ముందే స్టెరాయిడ్లు మొదలుపెడితే లింఫోమా తాత్కాలికంగా కుంచించుకుపోయి, ముక్కలో ఏమీ తేలకుండా పోవచ్చు. ఛాతీలో ముద్ద కనిపించగానే టీబీ అనుకుని ఆరు నెలల మందులు రాసేయడం కూడా మామూలే. టీబీ గ్రంథులు నిజంగానే ఇలా కనిపించగలవు కాబట్టి అనుమానించడం తప్పు కాదు. ముక్క తీయకుండా నెలలు గడపడమే తప్పు.

పొద్దున లేచేసరికి ముఖం, కళ్ల చుట్టూ వాపు. మెడ మీద నరాలు ఉబ్బుతున్నాయి. ఇది కిడ్నీ సమస్యా?

కావచ్చు, కానీ కిడ్నీ వాపులో మెడ సిరలు సాధారణంగా అలా ఉబ్బవు. ముఖం, మెడ, చేతులు వాచి, వంగితే తల బరువెక్కి, ఛాతీ మీద నీలం సిరలు తేలితే ఎస్‌వీసీ మూసుకుపోతోందని అర్థం. 1757లోనే విలియం హంటర్ అనే వైద్యుడు ఈ పరిస్థితిని వర్ణించాడు. అప్పటి రోగికి కారణం సిఫిలిస్ వల్ల ఉబ్బిన అయోర్టా. ఇప్పుడు ఎక్కువ మందిలో కారణం క్యాన్సరే. డయాలసిస్ కోసం మెడలో పెట్టిన క్యాథెటర్ల వల్ల వచ్చే కేసులూ పెరిగాయి.

మూసుకుపోవడం నెమ్మదిగా జరిగితే శరీరం పక్కదారులు వెతుక్కుంటుంది. మెయిన్ రోడ్డు మూసేస్తే బండ్లు సందుల్లోంచి వెళ్లినట్టు రక్తం ఛాతీ గోడ సిరల గుండా తిరిగి గుండెకు చేరుతుంది. అందుకే కొందరు వాపుతోనే వారాలు నడిచి తిరుగుతారు. ఊపిరి ఆడకపోవడం, గొంతులో ఈల శబ్దం, మగతగా ఉండటం, మాట తడబడటం కనిపిస్తే మాత్రం అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాలి. తొడ సిర గుండా స్టెంట్ వేస్తే వాపు చాలామందికి రెండు మూడు రోజుల్లోనే తగ్గుతుంది. అయితే తర్వాత ఆపరేషన్ చేసే అవకాశం ఉన్న రోగికి స్టెంట్ వేసే ముందు సర్జన్‌ని ఒక మాట అడగాలి. ఆ సిరనే కోయాల్సి వస్తే లోపలున్న లోహపు జాలీ పనిని కష్టం చేస్తుంది.

స్కాన్‌లో అంటుకుంది అని ఉంటే నిజంగా లోపలికి పోయినట్టేనా?

కాదు. గడ్డకు, నాళానికి మధ్య ఉండే పల్చని కొవ్వు పొర కనిపించకపోతే రేడియాలజిస్టు అంటుకుని ఉందని రాస్తారు. అలా రాసిన వాటిలో కొన్ని ఛాతీ తెరిచాక వేలితోనే విడిపోతాయి. తిరగబడ్డ కేసులూ ఉంటాయి, స్కాన్‌లో శుభ్రంగా ఉన్నవి లోపల పట్టుకుని ఉంటాయి. నాళం చుట్టుకొలతలో సగానికి మించి గడ్డ ఆవరించినా, నాళం ఆకారం మారినా, లోపలి రక్తపు దారిలోకి ముద్ద పొడుచుకొచ్చినా అనుమానం బలపడుతుంది. ఇంజెక్షన్‌తో చేసిన సీటీ సరిపోకపోతే ఎమ్మారై, గుండె ఎకో సాయం తీసుకుంటారు. పెట్ సీటీ, మెదడు ఎమ్మారై చేయించేది నాళం కోసం కాదు, దూరంగా ఎక్కడైనా పాకిందేమో చూడటానికి. ఆపరేషన్ టేబుల్ మీద ప్లాన్ మారవచ్చని సర్జన్ ముందే చెప్తే ఆయనకు నమ్మకం లేదనుకోకండి. నిజం చెప్తున్నారంతే.

ముందు కీమోనా, ముందు ఆపరేషనా?

ఊపిరితిత్తుల క్యాన్సర్ నాళాన్ని పట్టుకుంటే దాన్ని టీ4 (గడ్డ ఎంత పాకిందో చెప్పే కొలతలో చివరి మెట్టు) అంటారు. ఇలాంటి వాళ్లలో ఇప్పుడు ఎక్కువమందికి ముందు మందులే ఇస్తారు. గడ్డ కుంచించుకుంటే తీయడం సులువవుతుంది. మందుల మధ్యలోనే వేరే చోట కొత్తగా బయటపడితే, అనవసరమైన పెద్ద ఆపరేషన్ తప్పినట్టే. 2022లో ప్రచురితమైన చెక్‌మేట్ 816 అధ్యయనంలో ఆపరేషన్‌కి ముందు కీమోతో పాటు నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు (శరీర రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పేది) కలిపి ఇచ్చారు. 24 శాతం మందిలో, తీసిన ముక్కలో బతికున్న క్యాన్సర్ కణమే కనిపించలేదు. కీమో ఒక్కటే తీసుకున్నవాళ్లలో ఇది 2.2 శాతం. ఇది మొదలుపెట్టే ముందే గడ్డలోని జన్యు మార్పులను చూసే ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే పరీక్షలు చేయించాలి. మన దేశంలో, ముఖ్యంగా పొగతాగని వాళ్లలో, ఈజీఎఫ్‌ఆర్ మార్పు తరచుగా కనిపిస్తుంది, వాళ్లకు దారి వేరు.

పెద్ద థైమోమాకు కూడా ముందు కీమో ఇచ్చి కుంచింపజేసి తర్వాత తీస్తారు. కానీ థైమోమాకు ఇమ్యునోథెరపీ ప్రమాదకరం. గుండె కండరం, ఒంటి కండరాలు తీవ్రంగా దెబ్బతినవచ్చు. అమెరికాలో ఉన్న బంధువు ఇమ్యునోథెరపీ అడగమన్నారని వచ్చేవాళ్లు ఉంటారు. అడగడం మంచిదే, గడ్డ పేరు తెలిశాక అడగాలి.

ఎస్‌వీసీని కోసి ఎలా అతుకుతారు? అంతసేపు రక్తం ఎటు పోతుంది?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఎక్కువ టెన్షన్ పెట్టేదీ ఇదే.

సాధారణంగా రొమ్ము ఎముకను నిలువుగా కోసి ఛాతీ తెరుస్తారు. ఊపిరితిత్తి గడ్డ అయితే పక్కటెముకల మధ్య నుంచి కూడా వెళ్లవచ్చు. ముందుగా గడ్డను మిగతా వైపుల నుంచి విడదీసి, మొత్తం వస్తుందని నిర్ధారించుకున్నాకే సిర జోలికి వెళ్తారు. ఈ వరస ముఖ్యం. సిర కోశాక వెనక్కి తిరగలేరు.

గోడలో చిన్న భాగమే పట్టుబడితే, ఆ మేరకు కోసి నేరుగా కుట్టేస్తారు. కాస్త ఎక్కువైతే గుండె చుట్టూ ఉండే పెరికార్డియం పొర ముక్కను అతుకుగా వేస్తారు. రోగి సొంత పొరే వాడవచ్చు, శుద్ధిచేసిన పశువు పొర కూడా దొరుకుతుంది. చుట్టుకొలతలో సగానికి మించి పోయిందంటే సిర ముక్కనే తీసి దాని స్థానంలో పీటీఎఫ్‌ఈ అనే పదార్థంతో చేసిన, రింగులున్న గొట్టం కుడతారు. ఛాతీలో ఒత్తిడికి నలగకుండా ఆ రింగులు కాపాడతాయి.

సిరకు క్లాంప్ (నాళాన్ని బిగించి మూసే పట్టకారు) వేసినంతసేపూ తలలోంచి రక్తం కిందికి దిగదు. మెదడులో సిరల ఒత్తిడి పెరుగుతుంది, గుండెకు చేరే రక్తం తగ్గి బీపీ పడుతుంది. సిర ముందునుంచే మూసుకుపోతున్నవాళ్లు దీన్ని బాగా తట్టుకుంటారు, పక్కదారులు అప్పటికే ఏర్పడి ఉంటాయి కనుక. సిర బాగా తెరిచి ఉన్నవాళ్లలోనే జాగ్రత్త ఎక్కువ అవసరం. అందుకు సర్జన్లు ఒక ఉపాయం చేస్తారు. ముందుగా ఎడమ బ్రేకియోసెఫాలిక్ సిర నుంచి గుండె కుడి పై గదికి ఒక గొట్టం కుట్టి, దాని గుండా రక్తం పారడం మొదలయ్యాక ఎస్‌వీసీకి క్లాంప్ వేస్తారు. తల నుంచి రక్తం దిగడానికి ఒక దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఆ సమయమంతా మత్తు డాక్టరు బీపీని పైకి నిలబెడుతూ ఉంటారు. ఈ ఆపరేషన్‌లో సగం భారం ఆయనదే, బిల్లులో తప్ప ఆయన పేరు ఎక్కడా కనపడదు.

ఈ ఆపరేషన్లలో సెలైన్, మందుల లైన్లు కాళ్ల సిరల్లో పెడతారు. ఎస్‌వీసీని కోస్తున్నప్పుడు చేతిలో ఎక్కించిన మందు గుండెకు సరిగ్గా చేరదు. ఐసీయూలో కాలికి సూది చూసి కంగారు పడకండి.

అయోర్టా అయితే?

కష్టం ఒక మెట్టు పెరుగుతుంది. ఇది అధిక ఒత్తిడి ఉన్న ధమని. గడ్డ బయటి పొరను మాత్రమే పట్టుకుంటే ఆ పొరతో సహా ఒలిచి తీయవచ్చు. గోడ మొత్తం దాకా పోతే అయోర్టా ముక్కను తీసి డాక్రాన్ గొట్టం వేయాలి, దానికి గుండె పనిని కొంతసేపు యంత్రానికి అప్పగించాలి. ఛాతీలోంచి కిందికి దిగే అయోర్టా విషయంలో ఇంకో దారి ఉంది. తొడ ధమని గుండా లోపలి నుంచి బట్ట పొర ఉన్న స్టెంట్‌ను ముందే పరిచి, తర్వాత బయటి గోడను గడ్డతో సహా కోసి తీయడం. లోపల స్టెంట్ ఉంటుంది కాబట్టి క్లాంప్, యంత్రం లేకుండానే పని అయ్యే అవకాశం ఉంది. క్యాన్సర్ ఆపరేషన్ల కోసం తయారైన స్టెంట్లు కావు ఇవి. ఉబ్బిన అయోర్టా కోసం వచ్చినవాటినే క్యాన్సర్ సర్జన్లు ఇలా వాడుకుంటున్నారు.

వెన్నుపాముకు రక్తం ఇచ్చే చిన్న ధమనులు ఈ అయోర్టా నుంచే పుడతాయి. వాటికి రక్తం ఆగితే కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంది. సమ్మతి పత్రంలో ఈ మాట ఉంటే చదివి, ఏ స్థాయిలో కోస్తారో అడగండి.

ఊపిరితిత్తి మొత్తం తీసేయాలంటున్నారు. ఒక్కదానితో బతకగలమా?

బతకగలరు. క్యాన్సర్ కోసం ఒకే ఆపరేషన్‌లో ఊపిరితిత్తిని మొత్తం తీసిన మొదటి విజయగాథ 1933 నాటిది. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఎవార్ట్స్ గ్రాహం క్యాన్సర్ పట్టిన ఎడమ ఊపిరితిత్తిని మొత్తంగా తీశాడు, ఆ రోగి ఆ తర్వాత దాదాపు 30 ఏళ్లు బతికాడు. ఆశ్చర్యం ఏమిటంటే గ్రాహం తానే 1957లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయాడు.

అయినా ఇప్పుడు వీలైనంత వరకు మొత్తం తీయకుండా చూస్తారు. పల్మనరీ ఆర్టరీలో పట్టుబడ్డ ముక్కను మాత్రం కోసి రెండు చివరలూ కలిపి కుట్టడం, లేదా అతుకు వేయడం ద్వారా మిగతా ఊపిరితిత్తిని దక్కించుకోవచ్చు. దీన్ని స్లీవ్ ఆపరేషన్ అంటారు. శ్వాసనాళానికీ, ధమనికీ రెండింటికీ ఒకేసారి చేయాల్సి వస్తే డబుల్ స్లీవ్. ముఖ్యంగా కుడి ఊపిరితిత్తి మొత్తం తీయడం ఎడమకన్నా ప్రమాదం. ఆపరేషన్ తర్వాత మిగిలే శ్వాస సామర్థ్యం 40 శాతం కన్నా తగ్గుతుందని పీఎఫ్‌టీ, డీఎల్‌సీఓ పరీక్షల్లో తేలితే సర్జన్ రెండుసార్లు ఆలోచిస్తారు.

భుజం నొప్పి, చెయ్యి తిమ్మిరితో మొదలై ఊపిరితిత్తి పైకొన గడ్డ అని తేలింది. ఇదీ ఇలాంటిదేనా?

అవును, పాంకోస్ట్ ట్యూమర్ అంటారు. నెలల తరబడి మెడ అరుగుదల అని ఫిజియోథెరపీ చేయించుకుని వస్తారు పాపం. ఇది చేతి నరాలను, సబ్‌క్లేవియన్ ధమనిని పట్టుకుంటుంది. ఒకప్పుడు వెనక వైపు నుంచి మాత్రమే తెరిచేవారు, అక్కడి నుంచి ధమని సరిగా అందేది కాదు. ఫ్రాన్స్‌కు చెందిన ఫిలిప్ దార్తెవెల్ మెడ ముందువైపు నుంచి వెళ్లే పద్ధతిని 1993లో ప్రచురించాక ఆ ధమనిని చూస్తూ కోసి, గ్రాఫ్ట్, అంటే కొత్త గొట్టం, వేసే వీలు కలిగింది. ముందు కీమో, రేడియేషన్ కలిపి ఇచ్చి తర్వాత తీయడం ఇక్కడ స్థిరపడ్డ పద్ధతి. 110 మందితో జరిగిన అమెరికా అధ్యయనంలో ఇలా చేస్తే ఐదేళ్లు దాటినవాళ్లు 44 శాతం, గడ్డ మొత్తం తీయగలిగినవాళ్లలో 54 శాతం.

హార్ట్ లంగ్ మెషిన్ తప్పనిసరా?

లేదు. ఎస్‌వీసీ ఆపరేషన్లు చాలావరకు అది లేకుండానే అవుతాయి. అయోర్టాలో, గుండె గదిలో, పల్మనరీ ఆర్టరీ మొదట్లో పని ఉంటే కావాలి. దానికోసం రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఎక్కువ మోతాదులో ఇస్తారు కాబట్టి రక్తస్రావం పెరుగుతుంది. వాడకపోయినా పక్కన సిద్ధంగా ఉంచుకోవడం మంచి సెంటర్ లక్షణం.

గొంతు బొంగురు పోతుందా?

పోవచ్చు. స్వరపేటికకు వెళ్లే ఎడమ నరం అయోర్టా వంపు కింద నుంచి చుట్టి పైకెళ్తుంది. గడ్డ దాన్ని పట్టుకుంటే గొంతు ముందే మారి ఉంటుంది. ఊపిరితిత్తి కింద ఉండే డయాఫ్రమ్‌ను కదిలించే ఫ్రెనిక్ నరం కూడా థైమస్ గడ్డకు ఆనుకునే ఉంటుంది. రెండు వైపులా ఆ నరాన్ని కోసేస్తే రోగిని వెంటిలేటర్ నుంచి తీయడం కష్టం. కాబట్టి ఒక వైపైనా కాపాడతారు.

కనురెప్పలు వాలిపోతున్నాయి. దానికీ ఛాతీ గడ్డకూ సంబంధం ఉందా?

ఉండొచ్చు. థైమోమా ఉన్నవాళ్లలో సుమారు మూడోవంతు మందికో, ఇంకా ఎక్కువ మందికో మయస్థీనియా గ్రావిస్ అనే కండరాల బలహీనత ఉంటుంది. సాయంత్రానికి రెప్పలు వాలడం, ఒకటి రెండుగా కనిపించడం, నమలలేకపోవడం దీని లక్షణాలు. ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్ యాంటీబాడీ పరీక్షతో చాలావరకు తేలుతుంది. ఇది బయటపడకుండా ఆపరేషన్‌కి వెళ్తే తర్వాత ఊపిరి కండరాలు పనిచేయక వెంటిలేటర్ మీద ఇరుక్కుపోతారు. లక్షణాలు ఉంటే దాచకండి, చిన్నవే అయినా సరే.

ప్రమాదం ఎంత? ఎన్నేళ్లు బతుకుతారు?

నాళాలు కోసి అతికే ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆపరేషన్లలో ప్రాణాపాయం మామూలు ఊపిరితిత్తి ఆపరేషన్ కంటే ఎక్కువ. రక్తస్రావం, న్యుమోనియా, గుండె లయ తప్పడం, గొట్టంలో రక్తం గడ్డకట్టడం, ఇన్ఫెక్షన్ అందులో ముఖ్యమైనవి. మీ సెంటర్‌లో ఇలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తారు, ఎంతమంది నెలలోపు చనిపోయారు అని అడగడం మర్యాద తక్కువ పని కాదు. అడిగినందుకు విసుక్కునే సర్జన్ దగ్గర ఇంత పెద్ద ఆపరేషన్ చేయించుకోవడం గురించి ఆలోచించుకోవాలి.

ఆయుష్షు విషయంలో రెండు విషయాలు మిగతావాటన్నిటినీ మించిపోతాయి. గడ్డ అంచులతో సహా మొత్తం వచ్చిందా, ఛాతీ మధ్యలోని లింఫ్ గ్రంథుల్లో క్యాన్సర్ ఉందా. ఆ గ్రంథుల్లో, అంటే ఎన్2 దశలో, ఉంటే నాళం ఎంత చక్కగా అతికినా లాభం తక్కువ. అందుకే ఆపరేషన్‌కి ముందే ఈబస్‌తో గ్రంథులను పరీక్షించమని పట్టుబట్టండి. థైమోమాలో పరిస్థితి వేరు. అది నెమ్మదిగా పెరిగే జబ్బు, ఎస్‌వీసీ మార్చాల్సి వచ్చినా మొత్తం తీయగలిగితే చాలా ఏళ్లు బతికేవాళ్లు ఉన్నారు. అయితే పదేళ్ల తర్వాత కూడా తిరిగి రాగలదు కాబట్టి స్కాన్‌లు ఆపకూడదు.

ఆపరేషన్‌కి ముందు ఇంట్లో ఏం చేయాలి?

సిగరెట్, బీడీ, చుట్ట ఏదైనా సరే కనీసం నాలుగు వారాల ముందు మానాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడుతుంటే సర్జన్‌కి చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. రోజూ నడక, స్పైరోమీటర్ బంతులు ఎగరేయడం, ప్రొటీన్ ఎక్కువున్న తిండి: గుడ్డు, పప్పు, పెరుగు, చేప. కీమో అయ్యాక నీరసంగా ఉందని మంచానికే పరిమితమైతే ఆపరేషన్ తర్వాత కఫం కూడా దగ్గలేరు. రక్తదాతలను ముందే చూసి పెట్టుకోండి. బ్లడ్ బ్యాంకు వాళ్లు చివరి నిమిషంలో అడుగుతారు.

ఇంటికొచ్చాక జాగ్రత్తలు?

కృత్రిమ గొట్టం వేసినవాళ్లకు కొన్ని నెలలైనా రక్తం పలచబడే మందు ఇస్తారు. వార్ఫరిన్ అయితే ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష విలువ) సాధారణంగా 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఈ మందు పనిని తగ్గిస్తుంది. గోంగూర, తోటకూర పూర్తిగా మానేయమని పక్కింటివాళ్లు చెప్తారు, అవసరం లేదు. వారం వారం దాదాపు ఒకే మోతాదులో తింటే చాలు. నాలుగు రోజులు తినకుండా పండక్కి ఒక్కసారిగా తింటేనే తేడా వస్తుంది. నొప్పి మాత్రలు, నాటుమందులు డాక్టరును అడగకుండా వేసుకోవద్దు.

ముఖం, ఎడమ చెయ్యి మళ్లీ వాస్తే గొట్టం మూసుకుపోతోందేమో అని వెంటనే చూపించాలి. ఎడమ వైపు వేసిన గొట్టాలు కుడివైపు వాటికంటే ఎక్కువగా మూసుకుపోతాయి. జ్వరం, కోత దగ్గర చీము, రొమ్ము ఎముక కదులుతున్నట్టు టక్ టక్ శబ్దం కూడా ఆలస్యం చేయకూడనివే.

చిన్న రంధ్రాల ద్వారా, రోబోతో చేయరా?

నాళానికి ఆనుకుని ఉన్నవాటికి చేస్తున్నారు. నాళాన్నే మార్చాల్సినప్పుడు తెరిచి చేయడమే సురక్షితం. ప్రకటన చూసి సెంటర్ ఎంచుకోకండి.

ఆరోగ్యశ్రీలో వస్తుందా? ఎక్కడికి వెళ్లాలి?

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. ఛాతీ క్యాన్సర్ ఆపరేషన్, గ్రాఫ్ట్, స్టెంట్ ఏ ప్యాకేజీ కింద వస్తాయో, ఏవి చేతి నుంచి కట్టాలో చేరకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి రాయించుకోండి. మిగిలిన ఖర్చుకు ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్‌ఓసీ (ఆసుపత్రికి ఇచ్చే డబ్బు హామీ పత్రం) కోసం ప్రయత్నించవచ్చు, అది ఆపరేషన్‌కి ముందే తెచ్చుకోవాలి.

చోటు ఎంచుకునేటప్పుడు ఒక్కటే కొలమానం: క్యాన్సర్ విభాగం, ఛాతీ సర్జన్, గుండె సర్జన్ ఒకే కప్పు కింద ఉన్నారా? క్యాన్సర్ ఆసుపత్రిలో గుండె సర్జరీ ఉండకపోవచ్చు, గుండె ఆసుపత్రిలో కీమో ఉండకపోవచ్చు. హైదరాబాద్ నిమ్స్, తిరుపతి స్విమ్స్ లాంటి పెద్ద ప్రభుత్వ సంస్థల్లో రెండు విభాగాలూ ఉన్నాయి. మీ కేసు ట్యూమర్ బోర్డులో, అంటే వేర్వేరు విభాగాల డాక్టర్లు కలిసి నిర్ణయించే సమావేశంలో, చర్చించారా, ఏం రాశారు అని అడిగి ఆ కాగితం తీసుకోండి.

నాన్నకు క్యాన్సర్ అని చెప్పలేదు. చెప్పకుండానే చేయించవచ్చా?

ఇది మీ ఇంటి విషయమే, అయినా ఒక మాట. ఛాతీ తెరిచి, నాళం మార్చి, నెలల తరబడి రక్తం పలచబడే మందు వేసుకోవాల్సిన మనిషికి అది ఎందుకో తెలియకపోతే ఆయన సహకరించడు. సమ్మతి పత్రం మీద సంతకం ఆయనదే ఉండాలి. మొత్తం ఒకేరోజు చెప్పక్కర్లేదు. చాలామందికి ముందే అనుమానం ఉంటుంది, పిల్లలు బాధపడతారని వాళ్లే అడగరు.

రెండో అభిప్రాయానికి ఏమేం తీసుకెళ్లాలి?

స్కాన్ రిపోర్టు కాగితం కాదు, సీడీ లేదా లింకు. నాళం చుట్టూ ఎంత ఉందో సర్జన్ సొంత కళ్లతో చూడాలి. బయాప్సీ రిపోర్టుతో పాటు స్లైడ్లు, మైనపు బ్లాకులు. ల్యాబు నుంచి వాటిని అడిగి తీసుకోవచ్చు, థైమోమానా కార్సినోమానా అన్న దగ్గర అభిప్రాయాలు మారుతుంటాయి. ఇప్పటిదాకా ఇచ్చిన కీమో మందుల పేర్లు, మోతాదులు, తేదీలు. కీమోకి ముందు తీసిన స్కాన్ కూడా తప్పనిసరి, గడ్డ మొదట ఎక్కడిదాకా ఉందో అందులోనే తెలుస్తుంది. రోగి నడవగలిగే స్థితిలో ఉంటే ఆయన్నీ తీసుకెళ్లండి. కొడుకు ఒక్కడే ఫైలుతో వెళ్తే, మెట్లు ఎక్కుతుంటే ఆయనకు ఆయాసం వస్తుందో లేదో ఆ ఫైలు చెప్పదు.